లాక్‌డౌన్ కేసు ఇంకా నడుస్తోంది, ఉద్యోగం వచ్చింది. ఏం చేయాలి?

ప్రశ్న: లాయర్ గారూ, 2020 మే రెండో వారంలో మా అమ్మకు షుగర్ మాత్రలు అయిపోతే బైకు మీద మెడికల్ షాపుకు వెళ్లాను. మందులు తీసుకుని వస్తుంటే చెక్‌పోస్టు దగ్గర పోలీసులు ఆపారు. నీళ్లు తాగి మాస్కు గడ్డం కిందే వదిలేశాను. నేను చెప్పేది వినకుండా లాఠీతో రెండు దెబ్బలు వేసి, బండి తీసుకుని, కేసు పెట్టారు. ఐపీసీ 188, 269, విపత్తు నిర్వహణ చట్టం 51(బి) అని ఎఫ్ఐఆర్‌లో ఉంది. స్టేషన్ బెయిల్ ఇచ్చి పంపారు. 2023 జూన్‌లో ఛార్జిషీటు వేశామని కానిస్టేబుల్ చెప్పాడు. తర్వాత సమన్లు ఇస్తే సంతకం పెట్టి తీసుకున్నాను కానీ టెన్షన్‌తో కోర్టుకు వెళ్లలేదు. ఇప్పుడు ప్రభుత్వ రంగ బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. అటెస్టేషన్ ఫారంలో కేసులున్నాయా అని అడిగారు. లోక్ అదాలత్‌లో ఒప్పుకుని ఫైన్ కట్టేస్తే అయిపోతుందని అంటున్నారు. మాస్కు అనేది సలహాయే కదా, దానికి కేసేమిటి? కొట్టిన పోలీసుల మీద కేసు వేయవచ్చా?
– ఒక పాఠకుడు, పల్నాడు జిల్లా

జవాబు: మీరు రాసినదాంట్లో మీ కేసును తేల్చే మాట ఒక్కటే ఉంది: ‘2023 జూన్‌లో ఛార్జిషీటు’. అమ్మగారి మందులు, లాఠీ దెబ్బలు, మాస్కు ఎందుకు కిందికి దించారన్నది, ఇవన్నీ దాని తర్వాతే.

2020 మేలో జరిగిన నేరానికి ఐపీసీ (నేరాలు, శిక్షల పాత చట్టం), సీఆర్పీసీ (కేసు నడిపే పద్ధతి చెప్పే పాత చట్టం)లే వర్తిస్తాయి. 2024 జులై 1న కొత్త చట్టాలు అమల్లోకి వచ్చినా, అప్పటికే నడుస్తున్న కేసులు పాత సీఆర్పీసీ కిందే సాగుతాయి. ఆ సీఆర్పీసీ 468 ప్రకారం, గరిష్ఠంగా ఏడాది దాకా శిక్ష పడే నేరాలకు ఏడాదిలోగా ప్రాసిక్యూషన్ కోర్టుకు రావాలి. మీ మీద పెట్టిన సెక్షన్లు చూడండి. 188 (అధికారి ఉత్తర్వును ధిక్కరించడం)లో ప్రాణానికో ఆరోగ్యానికో ముప్పు కలిగిన సందర్భంలో కూడా ఆరు నెలలే. 269 (నిర్లక్ష్యంతో రోగం వ్యాపించే పని చేయడం)కి ఆరు నెలలు. విపత్తు నిర్వహణ (డీఎం) చట్టం 51కి మామూలుగా ఏడాది. అన్నీ కలిపి విచారించినా పెద్ద శిక్షను బట్టే గడువు, అదీ ఏడాదే. ఆ లెక్కన 2021 మే నెలతోనే గడువు అయిపోవాలి.

ఇక్కడ ప్రాసిక్యూటర్ ఒక మాట అంటారు. కోవిడ్ కారణంగా 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా కాలాన్ని లిమిటేషన్ (కేసు వేయడానికి చట్టం పెట్టిన గడువు) లెక్కలోంచి తీసేయాలని సుప్రీంకోర్టు 2022 జనవరి 10న ఉత్తర్వు ఇచ్చింది. అది మాకూ వర్తిస్తుందంటారు. వర్తిస్తుందనే ఒప్పుకుందాం. అప్పుడు మీ కేసులో ఏడాది 2022 మార్చి 1న మొదలై 2023 ఫిబ్రవరి 28తో ముగుస్తుంది. జూన్‌లో ఛార్జిషీటు వేసి ఉంటే, వాళ్లకు అన్ని విధాలా కలిసొచ్చేలా లెక్క కట్టినా మూడు నెలలు దాటిపోయింది.

అయితే ఇదంతా కానిస్టేబుల్ నోటి మాట మీద కట్టిన లెక్క. కోర్టులో అది పనికిరాదు. ఆ తేదీని కాగితం మీద చూడాలి, ఏ తేదీ చూడాలో కూడా తెలిసి ఉండాలి. ఛార్జిషీటు చివర ఎస్సై సంతకం కింద ఒక తేదీ ఉంటుంది. దాన్ని నమ్మకండి. మొదటి పేజీ మీద కోర్టు ఆఫీసు వేసిన రిసీవ్డ్ ముద్ర, దాని పక్కన క్లర్కు పొడి సంతకం చూడండి. సారా మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లో తేల్చింది ఇదే: లిమిటేషన్‌కు చూడాల్సింది కేసు కోర్టులో దాఖలైన తేదీని, మేజిస్ట్రేట్ కాగ్నిజెన్స్ తీసుకున్న (కేసును విచారణకు స్వీకరించిన) తేదీని కాదు. అందువల్ల ముద్ర మీద 2023 ఫిబ్రవరి 20 అని ఉండి, మేజిస్ట్రేట్ స్వీకరించి కేసు నంబరు పడింది మాత్రం జూన్‌లో అయితే ఈ వాదన మీకు దక్కదు. మీరు అనుకుంటున్న ‘జూన్’ ఆ రెంటిలో ఏదో ఇంతవరకు మీరు చూడలేదు.

రెండోది, సెక్షన్లు. ఎఫ్ఐఆర్‌లో లేని సెక్షన్‌ను ఛార్జిషీటులో చేర్చడం మామూలే. 270 (దురుద్దేశంతో రోగం వ్యాపించే పని చేయడం) చేర్చి ఉంటే దానికి రెండేళ్ల దాకా శిక్ష ఉంది, అప్పుడు గడువు మూడేళ్లకు పెరుగుతుంది. మీ విషయంలో అది 2025 ఫిబ్రవరి 28 దాకా వస్తుంది, కాబట్టి లిమిటేషన్ వాదన నిలవదు. మూడోది, సీఆర్పీసీ 473 కింద ఆలస్యాన్ని మన్నించమని పోలీసులు పిటిషన్ ఏమైనా వేశారా అని డాకెట్ షీటులో (కేసులో కోర్టు ఎప్పుడేం చేసిందో రాసే కాగితం) చూడండి. వేస్తే మీకు నోటీసు ఇచ్చి, మీ మాట విన్న తర్వాతే కోర్టు మన్నించాలి.

తేదీ మీకు కలిసిరాకపోయినా ఇంకో తాళం ఉంది, అది ఇంకా గట్టిది. 188 కింద ఏ కోర్టైనా కేసు తీసుకోవాలంటే, ఆ ఉత్తర్వు ఇచ్చిన అధికారో ఆయన పై అధికారో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. సీఆర్పీసీ 195 చెప్పేది అదే. ఉత్తర్వు అప్పటి గుంటూరు జిల్లా కలెక్టర్‌దైతే కలెక్టరో ఆ పైవారో ఫిర్యాదు చేయాలి. కింది అధికారి కుదరదు, ఎస్సై ఛార్జిషీటు అసలే కుదరదు. అలాంటి ఫిర్యాదు లేకుండా 188 కింద నడిపిన కేసు మొదటి నుంచీ చెల్లదని 2010లో సి. మునియప్పన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. డీఎం చట్టానికీ ఇలాంటి అడ్డే ఉంది. సెక్షన్ 60 ప్రకారం ప్రభుత్వమో, విపత్తు నిర్వహణ సంస్థో, వాళ్లు అధికారం ఇచ్చిన అధికారో, ముప్పై రోజుల ముందు నోటీసు ఇచ్చిన వ్యక్తో ఫిర్యాదు చేయాలి. ఎస్సైకి ఆ అధికారం ఇచ్చామంటే ఆ ఉత్తర్వు కాపీ కోర్టులో పెట్టమనండి.

మిగిలేది 269. దీనికి పోలీసు ఛార్జిషీటు చాలు. కానీ మీ నిర్లక్ష్యం వల్ల ప్రమాదకరమైన రోగం వ్యాపించే అవకాశం ఉందని, అది మీకు తెలుసని, లేదా అలా నమ్మడానికి తగిన కారణం ఉందని చూపాలి. మీకు ఆ రోజు గానీ తర్వాత గానీ టెస్టు చేశారా? రిపోర్టు ఏదైనా జత చేశారా? మాస్కు కిందికి దిగి ఉందన్న ఒక్క పంచనామాతో ఈ నేరం రుజువు కావడం కష్టం.

ఇప్పుడు మీ ‘మాస్కు సలహాయే కదా’ అన్న వాదన. దాన్ని ఇక్కడితో వదిలేయండి. 2020 ఏప్రిల్ మొదట్లో ఆరోగ్య శాఖ ఇంట్లో కుట్టుకున్న మాస్కులు వాడమని చెప్పినప్పుడు అది సలహా. ఏప్రిల్ 15న కేంద్ర హోం శాఖ డీఎం చట్టం కింద ఇచ్చిన ఉత్తర్వులో, బహిరంగ ప్రదేశాల్లో ముఖం కప్పుకోవడం తప్పనిసరి అని, ఉల్లంఘిస్తే శిక్ష అని స్పష్టంగా ఉంది. మీ సంగతి మే నెలది. అప్పటికి అది నిబంధన, అదీ జనం ప్రాణాల కోసం పెట్టిన నిబంధన. షుగర్ ఉన్న తల్లి ఇంట్లో ఉన్న మీకు దాని అవసరం అందరికంటే ఎక్కువ తెలియాలి. కోర్టులో ఆ మాట ఎత్తితే మాస్కు పెట్టుకోలేదని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది.

లోక్ అదాలత్ మాట వినకండి. నేషనల్ లోక్ అదాలత్ దగ్గర పడగానే స్టేషన్ నుంచి ఫోన్లు వస్తాయి, ‘వచ్చి ఒప్పేసుకోండి, రెండొందలు కట్టి పోండి’ అని. 188 రాజీ పడదగ్గ నేరం కాదు, సీఆర్పీసీ 320 పట్టికలో దానికి చోటు లేదు. అక్కడ జరిగేది రాజీ కాదు, నేరం ఒప్పుకోవడం. జడ్జి గారు ‘ఒప్పుకుంటున్నారా’ అని అడగడం, మీరు తల ఊపడం, సంతకం పెట్టడం రెండు నిమిషాల్లో అయిపోతాయి. రికార్డులో మాత్రం నేరం రుజువై శిక్ష పడినట్టు నిలిచిపోతుంది. నేరం ఒప్పుకున్నాక దాని మీద అప్పీలుకు దారి దాదాపు ఉండదు. ఇవాళ ఫారంలో మీరు రాయాల్సింది ‘కేసు పెండింగ్‌లో ఉంది’ అని. రెండొందలు కట్టాక ‘శిక్ష పడింది’ అని రాయాలి. గెలిచే కేసును డబ్బిచ్చి ఓడిపోవడం ఇది.

దానికంటే పెద్ద తప్పు ఫారంలో ‘లేదు’ అని రాయడం. పోలీసు వెరిఫికేషన్‌కు వెళ్లే ఊళ్లోనే మీ కేసు ఉంది, బయటపడకుండా ఉండదు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, అభ్యర్థి ఇచ్చే సమాచారం నిజం కావాలని, దాచితే ఉద్యోగం తీసేయవచ్చని చెప్పింది. చిన్న కేసుల్లో దాచినదాన్నీ యజమాని క్షమించవచ్చని కూడా అంది. ఆ దయ మీద ఆధారపడే అవసరం మీకెందుకు? కేసు నంబరు, కోర్టు పేరు, సెక్షన్లు, పెండింగ్ అని ఉన్నది ఉన్నట్టు రాయండి. వేరే కాగితం మీద నాలుగు వాక్యాల్లో వివరణ జత చేయండి. ఏడవకండి, ఎవర్నీ తిట్టకండి.

పోలీసుల మీద కేసు సంగతి. గాయాల ధ్రువపత్రం ఉందా? ఫోటో? ఆ రోజే ఎస్పీ గారికి పంపిన ఫిర్యాదు రసీదు? మీ ఉత్తరంలో ఒక్కటీ లేదు. మామూలు దెబ్బల నేరానికీ గడువు ఏడాదే, అది మీకూ దాటిపోయింది. మానవ హక్కుల కమిషన్ కూడా ఏడాది దాటిన సంఘటన మీద విచారణ చేయదు. ఆ రోజు సాయంత్రమే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి ఓపీ చీటీ రాయించుకుని ఉంటే ఈ జవాబు వేరేగా ఉండేది.

సమన్ల మీద సంతకం పెట్టి కోర్టుకు వెళ్లకపోవడం మాత్రం క్షమించరాని నిర్లక్ష్యం. వెళ్లి ఉంటే ఈపాటికి కేసు పోయి ఉండేది. ఇప్పటికి మీ మీద నాన్ బెయిలబుల్ వారంటు ఉండి ఉండవచ్చు. ఈ-కోర్ట్స్ సైట్‌లో మీ పేరు, సంవత్సరం కొట్టి చూడండి. సి.సి. (క్యాలెండర్ కేసు) నంబరుతో గానీ ఎస్.టి.సి. (సమ్మరీ ట్రయల్ కేసు) నంబరుతో గానీ కనిపిస్తుంది. వారంటు ఉంటే వకీలుతో పాటు స్వయంగా వెళ్లి, సీఆర్పీసీ 70(2) కింద దాన్ని రద్దు చేయమని రీకాల్ పిటిషన్ వేయాలి. వెరిఫికేషన్ కోసం పోలీసులు ఇంటికి వచ్చేసరికి వారంటు బతికి ఉండకూడదు.

అదే రోజు ఛార్జిషీటు, డాకెట్ షీటు, జత చేసిన కాగితాలన్నిటికీ కాపీ అప్లికేషన్ వేయించండి. ముద్ర తేదీ మనం అనుకున్నట్టే ఉంటే, పోలీసు ఛార్జిషీటు మీద నడిచే సమన్స్ కేసు (రెండేళ్లకు మించి శిక్ష లేని చిన్న కేసు) కాబట్టి సీఆర్పీసీ 258 కింద విచారణ ఆపేయమని మేజిస్ట్రేట్ గారికి పిటిషన్ వేయవచ్చు. ముఖ్య సాక్షిని విచారించక ముందే ఆపితే అది డిశ్చార్జితో (విచారణ లేకుండా విడుదల చేయడంతో) సమానం. అక్కడ ఒప్పుకోకపోతే, లేదా బ్యాంకు గడువు దగ్గర పడితే, లిమిటేషన్, 195, సెక్షన్ 60 మూడూ చూపిస్తూ హైకోర్టులో క్వాష్ (కేసు కొట్టేయమని) పిటిషన్ వేసి ముందు స్టే అడగాలి. ఉత్తరప్రదేశ్‌లో, తమిళనాడులో లాక్‌డౌన్ కేసులు ఎత్తేశారన్న వార్తలు పట్టుకుని ఎదురుచూడకండి. ఎత్తేయాలన్నా ఆ కేసు నడుస్తున్న కోర్టులోనే ప్రాసిక్యూటర్ సీఆర్పీసీ 321 కింద పిటిషన్ వేసి అనుమతి తీసుకోవాలి.

ఇంకొక్కటి, మందుల బిల్లు. మెడికల్ షాపు ఇచ్చే బిల్లు మెరిసే పల్చటి కాగితం అయితే ఈపాటికి అక్షరాలు మాసిపోయి ఉంటాయి. ఇంకా చదవగలిగేలా ఉంటే ఇవాళే జిరాక్స్ తీయించండి. లేకపోతే ఆ రోజు ఫోన్‌పే నుంచో కార్డు నుంచో కట్టి ఉంటే, బ్యాంకుకు వెళ్లి 2020 మే నెల స్టేట్‌మెంట్ ముద్ర వేయించి తీసుకోండి. అమ్మగారి పాత ప్రిస్క్రిప్షన్ దానితో కలిపి పెట్టండి. విచారణ దాకా వెళ్తే, మందుల కోసమే బయటికి వచ్చారని చూపడానికి మీ చేతిలో ఉండేవి ఆ రెండు కాగితాలే.