దెయ్యాల మేడగా పేరు పడిన ఇల్లు: వారసులు ఏం చేయవచ్చు?

సందేహం: కృష్ణా జిల్లాలోని మా ఊళ్లో నూరేళ్లు దాటిన మండువా లోగిలి మా ఉమ్మడి ఆస్తి. అందరం హైదరాబాద్‌లో ఉంటాం. ఒక పెద్దాయన ఇల్లు కనిపెట్టుకుని ఉంటారు. ఏడాదిగా దెయ్యాల వేట అంటూ కుర్రాళ్లు రాత్రిళ్లు గోడ దూకి వస్తున్నారు. మొన్న వీధి తలుపు గొళ్లెం విరగ్గొట్టి లోపలికి వెళ్లారు. మండువాలో నిమ్మకాయలు, కుంకుమ వాళ్లే పెట్టి వీడియో తీశారు. మా నాన్నగారి మేనత్త ఆ ఇంట్లో పురిటిలో పోయారు. ఆమె పేరు చెప్పి, అక్రమ సంబంధం బయటపడి నూతిలో దూకిందని, దెయ్యమై తిరుగుతోందని ఆ వీడియోలో అన్నారు. అది చూసినప్పటి నుంచి నాన్నగారు సరిగా భోజనం చేయడం లేదు. కొంటామన్నవారు కూడా వెనక్కి తగ్గారు. ప్రహరీకి కరెంటు తీగ చుడదామని తమ్ముడు, టికెట్టు పెట్టి రాత్రి బస ఏర్పాటు చేద్దామని పెదనాన్నగారి అబ్బాయి అంటున్నారు. మా దారి ఏమిటి? - ఒక పాఠకురాలు

సలహా: అమ్మా, మిగతా విషయాల కంటే ముందు మీ తమ్ముడిని ఆపండి. బిహార్‌లో ఒకాయన తన మరుగుదొడ్డికి పొరుగువారు రాకుండా దారిలో కరెంటు తీగ కట్టాడు. అది తగిలి ఒక స్త్రీ చనిపోయింది. ఆమె అనుమతి లేకుండా వచ్చిందని, అది తన స్థలమని అతను వాదించాడు. 1963లో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చి శిక్షను ఖాయం చేసింది. చెప్పకుండా వచ్చినంత మాత్రాన మనిషి ప్రాణానికి రక్షణ పోదు. గోడ దూకినవాడికి పద్దెనిమిదేళ్లు కూడా నిండకపోవచ్చు. ఆ నూతికి రేపే ఇనుప చట్రం బిగించి తాళం వేయించండి. ఇంటికీ, వచ్చేవారికీ అదే మేలు.

ఇక చొరబాటు సంగతి. భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ ప్రకారం ఇంట్లోకి అక్రమంగా ప్రవేశించినవారికి ఏడాది వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అయితే నేరం చేయాలనో, స్వాధీనంలో ఉన్నవారిని బెదిరించాలనో, అవమానించాలనో, చికాకు పెట్టాలనో ఉద్దేశం ఉన్నట్టు తేలాలి. ‘సరదాగా చూడటానికి వచ్చాం’ అని తప్పించుకోవడానికి చూసేది ఇక్కడే. అందుకే గేటుకు బోర్డు పెట్టండి: ఇది ప్రైవేటు ఆస్తి, అనుమతి లేకుండా ప్రవేశం నిషిద్ధం. అది చదివి కూడా లోపలికి వచ్చినవారి సరదా మాట కోర్టులో తేలిపోతుంది.

ఆ బోర్డు మీద దెయ్యం మాట మాత్రం రాకూడదు. రాజస్థాన్‌లోని భాన్‌గఢ్ కోట దగ్గర రాత్రి ప్రవేశం లేదని పురావస్తు శాఖ పెట్టిన బోర్డును చూపించి, దెయ్యాలున్నాయని ప్రభుత్వమే ఒప్పుకున్నదని ప్రచారం చేస్తుంటారు. నిజానికి కేంద్ర రక్షిత కట్టడాలను సాధారణంగా సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకే తెరిచి ఉంచాలని 1959 నిబంధనలే చెబుతున్నాయి.

మీ విషయంలో గొళ్లెం విరిగింది కాబట్టి కేసు ఇంకా గట్టిది. చీకటి పడ్డాక ఇల్లు పగలగొట్టి ప్రవేశిస్తే 331వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు ఉంటుంది. ఆస్తికి చేసిన నష్టం 324వ సెక్షన్ కిందికి వస్తుంది. విరిగిన గొళ్లెం పారేయకండి, కొత్తది బిగించే ముందు ఫొటోలు తీయించండి. నిమ్మకాయలు, కుంకుమ ముందురోజు అక్కడ లేవని పెద్దాయన చేత వాంగ్మూలం ఇప్పించండి. వీడియో లింకు, పెట్టిన తేదీ, పెట్టిన ఖాతా వివరాలు భద్రపరచుకోండి. ఉమ్మడి ఆస్తి కదా, అందరూ కలిసి సంతకం పెట్టాలేమోనని ఆగవద్దు. బయటివారి నుంచి ఆస్తిని కాపాడుకోవడానికి ఒక్క వాటాదారు ముందుకు వచ్చినా చాలు. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే పోస్టులో ఎస్పీకి పంపండి. అప్పటికీ కదలిక లేకపోతే మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించవచ్చు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలచివేసింది మీ నాన్నగారి మేనత్త సంగతి. బిడ్డను కంటూ ప్రాణం విడిచిన మనిషికి ఇన్నేళ్ల తర్వాత రంకు అంటగట్టడం ఘోరం. చనిపోయినవారికి పరువేమిటని చాలామంది, కొందరు వకీళ్లు సైతం, అనుకుంటారు. 356వ సెక్షన్‌లోని మొదటి వివరణ చదివితే ఆ అపోహ తొలగుతుంది. బతికి ఉంటే ఆ వ్యక్తి ప్రతిష్ఠకు భంగం కలిగించే మాట అయి ఉండి, కుటుంబసభ్యుల లేదా దగ్గరి బంధువుల మనసు నొప్పించే ఉద్దేశంతో దాన్ని అన్నట్టయితే, చనిపోయినవారి గురించి అన్నా అది పరువునష్టమే. శిక్ష రెండేళ్ల వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ.

ఇందులో మెలిక ఆ ఉద్దేశాన్ని రుజువు చేయడమే. మీరెవరో మాకు తెలియదని వాళ్లు అంటారు. కాబట్టి ముందుగా లీగల్ నోటీసు పంపండి. ఆమె ఎవరో, ఎలా పోయారో, మీ నాన్నగారు ఎంత బాధపడుతున్నారో అందులో వివరంగా రాయించి, వీడియో తీసేయమనండి. నోటీసు అందాక కూడా ఉంచితే ‘తెలియదు’ అనే మాటకు చోటుండదు. పరువునష్టంపై పోలీసులు నేరుగా కేసు కట్టరు. నొచ్చుకున్నవారే మేజిస్ట్రేట్ కోర్టులో ప్రైవేటు ఫిర్యాదు వేయాలి. గడువు మూడేళ్లు. మీ నాన్నగారి పేరు మీద వేస్తే మంచిది, మేనత్తకు ఆయన స్వయానా మేనల్లుడు. వీడియో పెట్టిన వేదికకు కూడా ఫిర్యాదుల అధికారి ఉంటారు, ఆయనకు రాయండి. దాంతో పని కాకపోతే సివిల్ కోర్టులో ఇంజంక్షన్, అంటే ఆ వీడియోను ఆపే ఉత్తర్వు, కోరవచ్చు.

ఇక అమ్మకం. ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఏదైనా మీకు తెలిసి ఉంటే, దాన్ని మీరే చెప్పాలి. చెద పట్టిన దూలం అలాంటి లోపం. వదంతి లోపం కాదని నా అభిప్రాయం. కానీ కొనేవారు నోరు తెరిచి అడిగితే, తెలిసినంత మేర నిజం చెప్పాలని అదే సెక్షన్ అంటోంది. దాచకండి. మేనత్త ఎలా పోయారో, వీడియో ఎలా పుట్టిందో ఉన్నదున్నట్టు చెప్పండి.

టికెట్ల ఆలోచన అమ్మకాన్ని ఎలా దెబ్బ తీస్తుందో అమెరికాలో తేలింది. న్యూయార్క్ రాష్ట్రంలోని నయాక్‌లో, హడ్సన్ నది ఒడ్డున ఉన్న ఒక పాత ఇంటి యజమానురాలు తన ఇంట్లో దెయ్యాలున్నాయని 1977లో రీడర్స్ డైజెస్ట్‌లో రాసుకున్నారు. స్థానిక పత్రికల్లోనూ ఆ కథలు వచ్చాయి, ఊరు చూపించే యాత్రలో ఆ ఇల్లూ చేరింది. తర్వాత ఆ సంగతి చెప్పకుండా 6,50,000 డాలర్లకు బేరం కుదుర్చుకున్నారు. న్యూయార్క్ నగరం నుంచి వచ్చిన కొనుగోలుదారుకు ఊరి కథలు తెలియవు. తెలిశాక బయానాగా ఇచ్చిన 32,500 డాలర్లు వెనక్కి ఇమ్మని కోర్టుకెక్కాడు. 1991లో అప్పీలు కోర్టు 3-2 మెజారిటీతో ఒప్పందం రద్దు కోరే హక్కు అతనికి ఉందని చెప్పింది. దెయ్యం ఉందో లేదో న్యాయమూర్తులు తేల్చలేదు. ఉందని ఊరంతా చాటినావిడ ఇప్పుడు లేదనడానికి వీల్లేదన్నారు. చట్టం దృష్టిలో ఆ ఇంట్లో దెయ్యాలున్నట్టేనని తీర్పులో రాశారు.

ఆ తీర్పు మన కోర్టులను కట్టడి చేయదు. అయినా, మీ అన్నయ్యగారు దెయ్యం పేరుతో టికెట్లు అమ్మితే, రేపు కొనేవారి చేతిలో ఆ టికెట్టే మీ మీద సాక్ష్యమవుతుంది. పైగా డబ్బు తీసుకుని పిలిచినవారు అటక మెట్లు విరిగి పడితే బాధ్యత మీదే. మేనత్తను దెయ్యమన్నారని మీ నాన్నగారు వేసే ఫిర్యాదూ అక్కడితో నీరుగారిపోతుంది.

నోటీసు రాయించే ముందు ఒక పని చేయండి. ఆమె పురిటిలో పోయారని చెప్పే కాగితం ఇంట్లో ఏదైనా ఉందేమో వెతకండి: పాత ఉత్తరం, తద్దినం తిథి రాసుకున్న పుస్తకం, పంచాయతీ మరణాల రిజిస్టరు నకలు. మీ నాన్నగారికి గుర్తున్నదంతా ఆయన మాటల్లోనే రాయించి, తేదీ వేసి సంతకం తీసుకోండి.