బాండ్ సంగతి తర్వాత, ముందు తేదీ చెప్పండి

ప్రశ్న (సంక్షిప్తంగా): 2021 జూన్‌లో విజయవాడలోని ఒక జిమ్‌లో ట్రైనర్‌గా చేరాను. అప్పుడే వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద బాండ్ రాయించుకుని, సంతకం చేసిన ఖాళీ చెక్కు ఒకటి తీసుకున్నారు. మానేశాక రెండేళ్ల వరకు 5 కిలోమీటర్ల లోపల జిమ్ పెట్టకూడదు, పర్సనల్ ట్రైనింగ్ (పీటీ) ఇవ్వకూడదు, ఇస్తే 5 లక్షలు కట్టాలి అని బాండ్‌లో ఉంది. నా సర్టిఫికెట్ కోర్సుకు 45 వేలు వాళ్లే కట్టారు. నాలుగేళ్లు తెల్లవారుజామున అయిదింటికే వెళ్లి షట్టర్ తీశాను. సొంత తమ్ముడివి అన్న ఓనర్, 2022 అక్టోబర్ నుంచి 2023 మార్చి వరకు నాకు రావాల్సిన పీటీ ఫీజు వాటా 1,12,000 ఇప్పటికీ ఇవ్వలేదు. ఇప్పుడు 2 కిలోమీటర్ల దూరంలో పోర్షన్ అద్దెకు తీసుకుని జనవరిలో చిన్న స్టూడియో తెరుద్దామనుకుంటుంటే లాయర్ నోటీసు పంపాడు. 2025 నవంబర్ 7న అందింది. నేను ఇంకా వాళ్ల ఉద్యోగినేనట. 15 రోజుల్లో 5 లక్షలు కట్టకపోతే కోర్టు నుంచి స్టే తెస్తాడట, చెక్కు బ్యాంకులో వేస్తాడట. నిద్ర పట్టడం లేదు. పాత తేదీతో రిజైన్ లెటర్ ఒకటి రెడీ చేసుకోమని ఫ్రెండ్ అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: బాండ్, నోటీసు కాపీలు, ఫోన్ స్క్రీన్‌షాట్లతో పాటు మీరు మూడు పేజీలు రాశారు. అందులో రెండున్నర పేజీలు ఓనర్ మనసు మారిన కథే. షట్టర్ ఎవరు తీశారో కోర్టు అడగదు. ఏ రోజు ఉద్యోగం మానేశారన్నదే అడుగుతుంది. ఆ తేదీ మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

ముందు మీ నిద్ర చెడగొడుతున్న షరతు సంగతి తేల్చేద్దాం. ఎవరినైనా చట్టబద్ధమైన వృత్తి, వ్యాపారం చేసుకోనీయకుండా ఆపే ఒప్పందం ఆ మేరకు చెల్లదని భారత కాంట్రాక్టు చట్టం, 1872, సెక్షన్ 27 చెబుతోంది. వ్యాపారాన్ని గుడ్‌విల్‌తో (దానికున్న మంచిపేరుతో) సహా అమ్ముకున్నవారి విషయంలో ఆ సెక్షన్‌లోనే ఒక మినహాయింపు ఉంది. మీరేమీ అమ్మలేదు. క్రికెటర్ జహీర్ ఖాన్ మీద ఒక మేనేజ్‌మెంట్ కంపెనీ వేసిన కేసులో 2006లో సుప్రీంకోర్టు ఇదే స్పష్టం చేసింది: ఒప్పందం గడువు ముగిశాక కూడా మనిషిని కట్టేసే షరతు చెల్లదు. రెండేళ్లే కదా, 5 కిలోమీటర్లే కదా అనే వాదన అక్కడ నిలబడదు. కాబట్టి జనవరిలో మీరు స్టూడియో తెరవడానికి ఆ బాండ్ అడ్డు కాదు.

ఉద్యోగంలో ఉన్నంతకాలం మాత్రం లెక్క వేరు. జీతం తీసుకుంటూ యజమానికి పోటీగా పనిచేయకూడదనే షరతు మామూలుగా చెల్లుతుంది. 1967లో గోలికరి కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇది. మీ బాండ్‌లో నాలుగో షరతు అదే. దాన్ని మీరు చదివినట్టు లేదు. ఓనర్ తరఫు లాయర్ మాత్రం చదివాడు. మీరు ఇంకా ఉద్యోగినేనని నోటీసులో రాసింది ఊరికే కాదు. మిమ్మల్ని ఉద్యోగంలో ఉన్నట్టు చూపిస్తేనే ఆయనకు సెక్షన్ 27 అడ్డం తొలగుతుంది.

ఇక మీరు పంపిన స్క్రీన్‌షాట్లు. ఫోన్‌పే హిస్టరీలో 2025 మే 12న ఇద్దరు జిమ్ మెంబర్ల నుంచి తొమ్మిదేసి వేలు పడ్డాయి. మే 14న 'నా సొంత పీటీ మొదలు' అని వాట్సాప్ స్టేటస్ పెట్టుకున్నారు. వేలిముద్ర హాజరు చూస్తే జూన్ 7 వరకు డ్యూటీకి వెళ్తూనే ఉన్నారు. అంటే దాదాపు నాలుగు వారాలు ఒకేసారి రెండు పడవల మీద కాళ్లు పెట్టారు. వాళ్లే అడిగారండీ అని మీరు రాసింది సమాధానం కాదు. రాజీనామా కాగితం ఇవ్వకుండా, బాండ్ చదవకుండా, పోటీ పని మొదలుపెట్టి పైగా స్టేటస్‌లో చాటుకోవడం అజాగ్రత్త. ఇంతకంటే మెత్తగా చెప్పలేను.

అదృష్టం కొద్దీ, మీరు ప్రస్తావించనే ప్రస్తావించని చివరి స్క్రీన్‌షాట్ మీ కేసును నిలబెడుతోంది. జూన్ 8 ఉదయం 6:10కి ఓనర్‌కు మీరు పంపిన మెసేజ్: 'అన్నా, రేపటి నుంచి రాను. సొంతంగా చేసుకుంటా.' ఆయన జవాబు: 'సరే. తాళాలు రిసెప్షన్‌లో ఇచ్చి పో.' మీ రాజీనామా అదే. ఆయన ఒప్పుకోలు కూడా అదే. నెల రోజుల ముందు నోటీసు ఇవ్వలేదని ఇప్పుడు అన్నా, తాళాలు ఇచ్చి పొమ్మన్నాక ఆ మాటకు బలం ఉండదు. మీకూ జిమ్‌కూ సంబంధం జూన్ 8తో తెగిపోయింది. ఆ తర్వాత మీరు చేసిన పనికి, చేయబోయే పనికి సెక్షన్ 27 రక్షణ ఉంది.

మరి ఆ నాలుగు వారాల మాటేమిటి? దానికీ 5 లక్షలు రావు. బాండ్‌లో ఎంత అంకె వేసినా, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 కింద కోర్టు ఇప్పించేది ఆ అంకెకు మించని న్యాయమైన పరిహారం మాత్రమే. ఇద్దరు మెంబర్లు, తొమ్మిదేసి వేలు, మొత్తం 18 వేలు. పీటీ ఫీజులో జిమ్ వాటా 60 శాతం అని మీరే రాశారు. అంటే 10,800. ఆయన నష్టం నిరూపించుకోగలిగితే లెక్క ఆ చుట్టుపక్కలే తేలాలి.

కోర్సుకు కట్టిన 45 వేల గురించి కూడా భయపడకండి. ఇలాంటి షరతులన్నీ చెల్లవని మాత్రం అనుకోవద్దు. మూడేళ్లు నిండకుండా మానేసిన బ్యాంకు అధికారి 2 లక్షలు కట్టాలన్న షరతును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది. మీ బాండ్‌లో కోర్సు తర్వాత రెండేళ్లు పనిచేయాలని ఉంది, మీరు అంతకంటే ఎక్కువే చేశారు. ఆ ఖాతా మూసేసినట్టే.

ఇప్పుడు మీ ఫ్రెండ్ సలహా. మే 1 తేదీతో రాజీనామా లేఖ తయారు చేస్తే మే 12 డబ్బులు ఉద్యోగం మానేశాక వచ్చినట్టు చూపించవచ్చని కదా ఆయన ఉద్దేశం. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే. మే 1న మానేసిన మనిషి జూన్ 7 వరకు వేలిముద్ర ఎందుకు వేశాడు? మే నెల జీతం ఎలా తీసుకున్నాడు? జూన్ 8న 'రేపటి నుంచి రాను' అని ఎందుకు రాశాడు? క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఈ మూడు ప్రశ్నలు చాలు. ఆ దొంగ కాగితంతో పాటు మీ అసలైన మెసేజ్‌ను కూడా ఎవరూ నమ్మరు. కోర్టులో వాడటానికి తప్పుడు సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల వరకు జైలు. పదివేల చిల్లర తప్పించుకోవడానికి ఇంత సాహసమా? ఆ లేఖ ఇప్పటికే టైప్ చేసి ఉంటే ఎవరికీ పంపకండి. మీ లాయర్‌కు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పండి.

చెక్కు పోయిందని పోలీసు స్టేషన్‌లో కంప్లయింట్ ఇవ్వాలనే ఆలోచన కూడా మానుకోండి. మీ చేత్తో ఇచ్చిన చెక్కు పోయిందనడం అబద్ధం, అదింకో నేరం. అకౌంట్ మూసేసినా, స్టాప్ పేమెంట్ చెప్పినా చెక్ బౌన్స్ కేసు తప్పదు. అది ఖాళీ చెక్కండీ అంటే సరిపోతుందనుకుంటారు చాలామంది. సంతకం మీదైతే, ఇచ్చింది మీరే అయితే, బాకీ ఉందనే చట్టం ముందుగా భావిస్తుంది. 2019లో బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్నదీ అదే. కాకపోతే అది తిప్పికొట్టగలిగిన భావన. చెక్కు తేదీ నాటికి చట్టప్రకారం వసూలు చేసుకోదగ్గ బాకీ ఉండాలి. చెల్లని షరతు మీద పుట్టిన 5 లక్షలు అలాంటి బాకీ కాదు. అందుకే నోటీసుకు ఇప్పుడిచ్చే జవాబులోనే చెక్కు నంబరు వేసి, 2021లో బాండ్‌తో పాటు సెక్యూరిటీగా ఇచ్చిందని, బాకీ ఏమీ లేదని, చెక్కు వాపసు ఇవ్వాలని రాయించండి. ఆ తర్వాత కూడా ఓనర్ బ్యాంకులో వేసి బౌన్స్ అయితే, 30 రోజుల్లోపు మీకు వేరే నోటీసు పంపాలి. అది అందిన 15 రోజులు మీకు కీలకం. ఆ కవరు తీసుకోకుండా తిప్పి పంపే తెలివి ప్రదర్శించకండి. సరైన అడ్రసుకు వచ్చింది వెనక్కి పోయినా అందినట్టే లెక్క.

ఇక మీకు రావాల్సిన డబ్బు. జీతంగా చూసినా, చేసిన పనికి రావాల్సిన సొమ్ముగా చూసినా కోర్టుకెళ్లడానికి కాలపరిమితి మూడేళ్లే. నెల వాటా మర్నెల 5న ఇచ్చేవారంటున్నారు. ఆ లెక్కన 2022 అక్టోబర్ వాటా గడువు 2025 నవంబర్ 5తో అయిపోయింది. నవంబర్ వాటాకు డిసెంబర్ 5. అలా నెలకొకటి చొప్పున తెగిపోతూ ఉంటుంది. ఇస్తాడులే అని మూడేళ్లు చూస్తూ కూర్చోవడం మంచితనం అనిపించుకోదు.

అయితే మీరు భయపడుతున్న ఆ నోటీసును ఆరో పేరా దాకా చదివారా? 'మీకు చెల్లించవలసిన పీటీ వాటా రూ. 1,12,000 నష్టపరిహారం కింద సర్దుబాటు చేసుకునే నిమిత్తం నిలిపి ఉంచడమైనది' అని రాశాడు ఆ లాయర్. కింద సంతకం, తేదీ నవంబర్ 3. గడువు తీరక ముందే బాకీ ఉందని రాతపూర్వకంగా సంతకం పెట్టి ఒప్పుకుంటే, లిమిటేషన్ చట్టం సెక్షన్ 18 కింద ఆ రోజు నుంచి కాలపరిమితి మళ్లీ మొదలవుతుంది. ఇవ్వను అన్నా, సర్దుకుంటాను అన్నా కూడా అది ఒప్పుకోలే. అధికారం ఉన్న ఏజెంటు సంతకమూ సరిపోతుంది. అంటే అక్టోబర్ వాటా రెండు రోజుల తేడాతో బతికింది. ఆ కవరు, లోపలి కాగితం, పోస్టు ముద్ర అన్నీ భద్రం చేయండి. లామినేషన్ చేయించకండి, చాలామంది చేసే పని అది.

అలా రాసే అధికారం మా లాయర్‌కు ఇవ్వలేదని ఓనర్ రేపు అడ్డం తిరగవచ్చు. అందుకని డిసెంబర్ 5 లోపే వసూలు దావా వేసేయండి. అప్పుడు ఆ వాదన ఒక్క అక్టోబర్ వాటాకే పరిమితం అవుతుంది. మీరు తిరిగి నోటీసు ఇచ్చినంత మాత్రాన గడువు ఆగదు. 2024 మార్చిలో ఓనర్ పంపిన 'దసరా తర్వాత సర్దుతా' మెసేజ్‌ను కూడా జత చేయండి. అయితే సంతకం లేని వాట్సాప్ మెసేజ్ సెక్షన్ 18కి సరిపోతుందా అన్నదాని మీద వాదన నడుస్తుంది, దాని మీదే ఆధారపడకండి.

స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి ఇస్తే సాక్ష్యం అయిపోదు. భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి. కాబట్టి ఆ ఫోన్ మార్చకండి, ఎక్స్చేంజ్‌లో ఇచ్చేయకండి. ఓనర్ నంబర్ కోపంతో డిలీట్ చేశానని రాశారు. చాట్ ఉంది కదా, అది చాలు.

స్టే గురించి: మీకు చెప్పకుండా ఓనర్ ఇంజంక్షన్ (మీ పనిని ఆపే ఉత్తర్వు) తెచ్చుకోకుండా విజయవాడ కోర్టులో కేవియట్ వేయించండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 148ఎ ప్రకారం అది 90 రోజులు ఉంటుంది. ఆ లోపు ఆయన పిటిషన్ వేస్తే మీ మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వరు. మీరు జనవరిలో తెరుస్తారు కాబట్టి గడువు తీరేలోగా ఇంకోటి వేయించుకోండి.

చివర్లో మామూలుగా రాసేశారు గానీ, జిమ్ సాఫ్ట్‌వేర్ నుంచి మెంబర్ల నంబర్ల లిస్టు మీ ఫోన్‌లో దించుకున్నారట. స్టూడియో ఓపెనింగ్ మెసేజ్ వాళ్లందరికీ కొట్టాలని మీ ప్లాన్. వద్దు. పోటీ షరతు చెల్లకపోవడం వేరు, అనుమతి లేకుండా డేటా తీసుకోవడం వేరు. ఐటీ (ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ) చట్టం సెక్షన్లు 43, 66 కింద అది మూడేళ్ల వరకు జైలు పడే వ్యవహారం. ఓనర్‌కు మీ మీద ఇప్పుడు సరైన కేసు లేదు, ఆ మెసేజ్‌తో మీరే ఇస్తారు. అలాగని నోటీసు వచ్చాక లిస్టు డిలీట్ చేయడమూ మంచిది కాదు. ముట్టుకోకుండా మీ లాయర్‌కు చెప్పండి. మెంబరు తనంతట తాను వెతుక్కుంటూ వస్తే మాత్రం ఎవరూ ఆపలేరు.

జిమ్‌లో ఉన్నప్పుడు తీసిన 'ముందు-తర్వాత' ఫొటోలు బ్యానర్ మీద వేయాలంటే ఆ మెంబర్ల రాతపూర్వక అనుమతి కావాలి. బ్యానర్ మీద పాత జిమ్ లోగో అసలు వద్దు.

కొత్త స్టూడియోకు షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద తెరిచిన 30 రోజుల్లో రిజిస్ట్రేషన్, కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు తీసుకోండి. ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటే దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ టెన్షన్ లేదు. పోర్షన్ మూడేళ్లకు తీసుకుంటే లీజు రిజిస్టర్ చేయించాలి, నోటి మాట మీద మెషీన్లు దించకండి. చేరే ప్రతి ఒక్కరి దగ్గర బీపీ, షుగర్, గుండె, పాత దెబ్బల వివరాలు రాయించి సంతకం తీసుకోండి. 'ఏం జరిగినా మాకు బాధ్యత లేదు' అని ఫారం కింద ముద్రిస్తే మీ నిర్లక్ష్యానికి అది రక్షణ కాదు. నడుం నొప్పి ఉందని రాసిచ్చిన మనిషి చేత డెడ్‌లిఫ్ట్ చేయించి డిస్క్ జారితే, అదే ఫారం వినియోగదారుల కమిషన్‌లో మీకు వ్యతిరేకంగా మొదటి కాగితం అవుతుంది. ఆ కేసు వేయడానికి వాళ్లకు రెండేళ్లు గడువు ఉంటుంది కాబట్టి ఫారాలు అంతకంటే ఎక్కువ కాలమే దాచండి.

ఇవన్నీ జనవరి పనులు. నోటీసు 7న అందింది కాబట్టి 22లోపు జవాబు స్పీడ్ పోస్టులో పడాలి. లాయర్ దగ్గరకు వెళ్లేటప్పుడు బాండ్ కాపీ, నోటీసు కవరుతో సహా, 2022 నుంచి బ్యాంకు స్టేట్‌మెంట్, ఆ ఫోన్ పట్టుకెళ్లండి. మే 12 డబ్బుల సంగతి మీరే ముందు చెప్పండి, ఆయన అడిగే దాకా ఆగకండి.