చిన్నా, లింక్ పెట్టే ముందు ఇది చదువు

చిన్నా,

లినక్స్‌లో బాగానే నడిచిన ప్రాజెక్ట్ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని విండోస్ లాప్‌టాప్‌కి తెస్తే కొన్ని ఫైళ్ళు లేవు, కొన్నేమో రెండేసి కాపీలయ్యాయి, ఎందుకు బాబాయ్ అని అడిగావు కదా, ఫోన్‌లో చెప్తే బుర్రకెక్కే విషయం కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

దీనికంతా కారణం ఆ ఫోల్డర్‌లో ఉన్న లింకులు, అంటే ఒకే ఫైల్‌ని ఇంకో పేరుతోనో ఇంకో చోటునుంచో తెరిచే ఏర్పాటు. అవి రెండు రకాలు, హార్డ్ లింక్, సిమ్‌లింక్. ముందు హార్డ్ లింక్ సంగతి. ఒకే మనిషికి రేషన్ కార్డులో ఒక పేరు, ఇంట్లో ఇంకో పేరు ఉన్నట్టన్నమాట, రెండిట్లో ఏదీ నకిలీ కాదు. డిస్క్ మీద డేటాకి ఒక ఐనోడ్ నంబర్ ఉంటుంది, ఫైల్ పేరు ఆ నంబర్‌కి తగిలించిందంతే. టెర్మినల్‌లో ఫైళ్ళ జాబితా చూపించే ఎల్ఎస్ మైనస్ ఎల్ఐ (ls -li) కొట్టి చూడు, మొదటి కాలమ్‌లో ఐనోడ్ నంబర్, పర్మిషన్ల పక్కన లింకులు ఎన్ని ఉన్నాయో కనపడతాయి. లింక్ పెట్టే కమాండ్ ఎల్ఎన్ (ln)తో రెండో పేరు పెట్టగానే అక్కడ 1 కాస్తా 2 అవుతుంది. ఒక పేరు డిలీట్ చేస్తే మళ్ళీ 1, డేటా ఎక్కడికీ పోదు. అది 0 అయి, ఏ ప్రోగ్రామూ ఆ ఫైల్‌ని తెరిచి పెట్టుకోకుండా ఉంటేనే జాగా ఖాళీ అవుతుంది. ఐనోడ్ నంబర్ ఆ ఫైల్ సిస్టమ్ (డ్రైవ్ మీద ఫైళ్ళని అమర్చే పద్ధతి) లోపలే చెల్లుతుంది కాబట్టి హార్డ్ లింక్ ఇంకో డ్రైవ్‌కి దాటదు. ఫోల్డర్లకి హార్డ్ లింక్ లినక్స్ అసలు పెట్టనివ్వదు.

సిమ్‌లింక్ వేరే రకం. అందులో డేటా ఉండదు, ఒక పాత్, అంటే అసలు ఫైల్ ఏ ఫోల్డర్‌లో ఉందో ఆ అడ్రస్ రాసి ఉంటుంది, అంతే. అసలు ఫైల్‌ని జరిపితే లింక్ ఉత్తిదైపోతుంది. ఇక్కడ చాలామంది తప్పుతారు, నువ్వూ జాగ్రత్త: రిలేటివ్ పాత్ (మొదటి నుంచి పూర్తి అడ్రస్ కాకుండా, ఒక ఫోల్డర్ నుంచి లెక్కేసే అడ్రస్) ఇస్తే అది నువ్వు నిలబడ్డ ఫోల్డర్ నుంచి కాదు, లింక్ ఉన్న ఫోల్డర్ నుంచి లెక్క. లినక్స్‌లో సిమ్‌లింక్ పెట్టే ఎల్ఎన్ మైనస్ ఎస్ పక్కన ఆర్ కూడా (ln -sr) పెట్టావనుకో, ఆ లెక్క అదే వేసుకుంటుంది.

ఇప్పుడు నీ పెన్‌డ్రైవ్. దాని ఫైల్ సిస్టమ్ ఎక్స్‌ఫ్యాట్, ఎక్స్‌ఫ్యాట్‌లో గానీ ఫ్యాట్32లో గానీ ఈ రెండు లింకులూ ఉండవు. అందుకే సిమ్‌లింకులు ఎర్రరిచ్చి ఆగిపోయాయి, హార్డ్ లింకులు విడివిడి ఫైళ్ళై రెండింతలు జాగా తిన్నాయి. ఇలా తీసుకెళ్ళాల్సొస్తే ముందు టార్ ఫైల్ (ఫోల్డర్ మొత్తాన్ని ఒక్క మూటగా చేసే ఫైల్) కట్టు, అందులో రెండూ భద్రంగా ఉంటాయి, విప్పడం మాత్రం లింకులు తెలిసిన ఫైల్ సిస్టమ్ మీదే విప్పు. ఫైళ్ళు కాపీ చేసే ఆర్‌సింక్ (rsync) వాడితే మైనస్ ఏ ఒక్కటే చాలదు, అది సిమ్‌లింకుల వరకే చూసుకుంటుంది, హార్డ్ లింకులకి పెద్ద హెచ్ కూడా తగిలించాలి.

విండోస్ వాడే ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో రెండూ ఉన్నాయి, సిమ్‌లింక్ మాత్రం విస్టాతో వచ్చింది. కమాండ్ ఎంకేలింక్ (mklink). దీంట్లో ముందు లింక్ పేరు, తర్వాత అసలు ఫైల్, లినక్స్‌కి సరిగ్గా తిరగేసి. ఫోల్డర్‌కైతే స్లాష్ డీ పెట్టాలి, ఎందుకంటే ఫైల్ సిమ్‌లింక్, ఫోల్డర్ సిమ్‌లింక్ అక్కడ వేర్వేరు. అడ్మిన్ పర్మిషన్ అడుగుతుంది, లేదంటే విండోస్ 10, 11లో డెవలపర్ మోడ్ ఆన్ చెయ్యి. ఒకే మెషీన్‌లో ఫోల్డర్‌కి లింక్ కావాలంటే నా మాట విని స్లాష్ జేతో జంక్షన్ (ఫోల్డర్లకే పెట్టే ఇంకో రకం లింక్) పెట్టుకో, దానికి అడ్మిన్ గొడవ లేదు. తీసేటప్పుడు మాత్రం ఆర్ఎండీఐఆర్ (rmdir) వాడు, డెల్ (del) కొట్టావంటే లింక్ ఉంటుంది గానీ అవతల అసలు ఫోల్డర్‌లో ఫైళ్ళు పోతాయి. ఈ ఒక్క ముక్క మాత్రం రాసి గోడకి అంటించుకో నాన్నా.

మీ టీమ్‌లో మ్యాక్ వాళ్ళున్నారన్నావు. ఫైండర్‌లో చేసే ఎలియాస్‌ని వాళ్ళు సిమ్‌లింక్ అనుకోవచ్చు, కాదు. అసలు ఫైల్‌ని వేరే చోటికి జరిపినా ఎలియాస్ వెతికి పట్టుకుంటుంది, కానీ టెర్మినల్ ప్రోగ్రాములకి అది మామూలు ఫైల్‌లాగే కనపడుతుంది. విండోస్ షార్ట్‌కట్‌దీ అదే కథ.

టీమ్ అంతా కోడ్ పంచుకునే గిట్ సిమ్‌లింక్‌ని దాచుకుంటుంది, హార్డ్ లింక్‌ని పట్టించుకోదు. విండోస్‌లో క్లోన్ చేసినవాడికి (అంటే ఆ కోడ్‌ని తన మెషీన్‌కి కాపీ తెచ్చుకున్నవాడికి) కోర్ డాట్ సిమ్‌లింక్స్ అనే గిట్ సెట్టింగ్ ఫాల్స్‌లో ఉంటే లింక్ బదులు పాత్ రాసున్న ఒక్క లైన్ టెక్స్ట్ ఫైల్ వస్తుంది, కోడ్ ఎందుకు ఆడట్లేదో తెలీక వాడు గంటలు గంటలు తల పట్టుకుంటాడు. అందరూ వాడే రిపోలో (గిట్‌లో ఉండే ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో) సిమ్‌లింక్ పెట్టొద్దనే నేనంటా, తప్పదంటే రీడ్‌మీలో ముందే రాయి.

ఇంకోటి, కాన్ఫిగ్ ఫైల్‌కి హార్డ్ లింక్ పెట్టి రెండుచోట్లా ఒకటే ఉంటుందిలే అని ధీమాగా ఉండకు. ఫైల్‌లో మాటలు మార్చే సెడ్ మైనస్ ఐ (sed -i) లాంటివి కొత్త ఫైల్ రాసి పాత పేరు దానికి పెట్టేస్తాయి, ఆ క్షణమే లింక్ తెగుతుంది, నీకు ఒక్క మెసేజ్ కూడా రాదు. అలాంటి చోట ఎల్ఎస్ మైనస్ ఎల్ఐ కొట్టి రెండు నంబర్లూ ఒకటేనా కాదా చూసుకో. ఇప్పుడు నీ ఫోల్డర్‌ని లినక్స్ మెషీన్ మీదే టార్ కట్టి మళ్ళీ తెచ్చుకో, విప్పాక ఏదన్నా తేడాగా ఉంటే స్క్రీన్‌షాట్ పంపు, రాత్రి చూస్తా.

మీ బాబాయ్