పులస ఆస్ట్రేలియా నుంచి వస్తుందని చెప్పిన మాస్టారిని నేనే

“మీరు ఎంతోకాలం నిజమని నమ్మి, నలుగురికీ చెప్పి, చివరకు అబద్ధమని తెలుసుకున్న సంగతి ఏమైనా ఉన్నదా?” అని అడిగారు. ఉన్నది. పులస చేప ఆస్ట్రేలియా నుంచి ఈదుకుంటూ వచ్చి గోదావరిలో ప్రవేశిస్తుందన్న మాటను నేను ఇరవై ఏళ్లకు పైగా నమ్మాను. నమ్మి ఊరుకోక, సాంఘికశాస్త్రం బోధించే ఉపాధ్యాయుడిగా తరగతి గదిలో చెప్పాను. అంతటితోనూ ఆగక, ఆ మాట తప్పన్న ఒక విద్యార్థినికి మార్కులు కూడా కోశాను. పుస్తెలమ్మి అయినా పులస తినాలనే సామెత చెప్పుకునే గడ్డ మీద పుట్టి, గౌతమీ పాయకు కూతవేటు దూరంలో పెరిగి, ఆ చేప గురించే ఇంత పెద్ద అబద్ధాన్ని మోసినందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

నేను పనిచేసిన ఉన్నత పాఠశాల యానానికి ఎగువన, ఏటిగట్టుకు దగ్గరగా ఉండేది. ప్రతి సంవత్సరం ఆగస్టు 15న జెండా వందనం, మిఠాయిల పంపకం పూర్తయిన తరువాత ఒక గంటసేపు క్విజ్ పోటీ నిర్వహించడం నా వంతు. అందుకోసం నా దగ్గర ఒక పొడుగాటి అట్టల పుస్తకం ఉండేది. పత్రికల ఆదివారం అనుబంధాలలోనూ, క్యాలెండర్ల వెనుకవైపునా, బస్సులలో పది రూపాయలకు అమ్మే ‘మీకు తెలుసా’ తరహా పుస్తకాలలోనూ కంటబడిన ప్రతి వింతనూ అందులోకి ఎక్కించేవాణ్ణి. ప్రశ్న నల్ల సిరాతో, జవాబు ఎర్ర సిరాతో రాసుకునేవాణ్ణి. ఎక్కడ చదివానన్నది మాత్రం ఏ రంగు సిరాతోనూ రాసుకోలేదు.

ఆ సంవత్సరం పోటీలో రెండు జట్లు సమానంగా నిలిచాయి. చివరి ప్రశ్నగా, మన ప్రాంతపు విషయమైతే పిల్లలకు ఉత్సాహంగా ఉంటుందన్న ఉద్దేశంతో, “మన గోదావరికి వచ్చే పులస చేప ఏ దేశం నుంచి వస్తుంది?” అని అడిగాను. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి నిలబడింది. వాళ్లది తరతరాలుగా చేపలు పట్టి బతికే కుటుంబం. “ఏ దేశం నుంచీ రాదండి. మన సముద్రంలోదేనండి. పురిటికి పుట్టింటికొస్తాదండి” అన్నది. పిల్లలందరూ ఘొల్లున నవ్వారు. అందరికంటే పెద్దగా నవ్వినవాణ్ణి నేనే. చేపలకు పుట్టింటి ముచ్చట్లు కూడానా అని ఒక మాట విసిరి, ప్రశ్నను రెండో జట్టుకు మళ్లించాను. వాళ్లు ఆస్ట్రేలియా అన్నారు. నా ఎర్ర సిరా కూడా ఆస్ట్రేలియా అన్నది. స్టీలు క్యారేజీలు వాళ్లకు దక్కాయి. ఆ అమ్మాయి ఏడవలేదు, వాదించలేదు, తన చోట కూర్చుని నన్ను అలా చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు నాకు మూడు రోజులు గుర్తున్నది, ఆ తరువాత మరిచిపోయాను.

ఆదివారం ఉదయం రేవు దగ్గర ఆ అమ్మాయి తాతగారు ఎదురయ్యారు. గొడవకు వచ్చారేమోనని నేను కొంచెం తగ్గి నిలబడ్డాను. ఆయన గొడవ మాటే ఎత్తలేదు. “మేష్టారూ, ఒక్కసారి ఇలా రండి, మీకోటి చూపిస్తాను” అని పడవ దగ్గరకు తీసుకువెళ్లారు. అప్పటికి ఏరు ఎర్రగా, చిక్కటి టీలాగా పారుతున్నది. తడి గోనెపట్టా తీసేసరికి దాని కింద ఒక పులస ఉన్నది. అంతకుముందు దానిని పులుసులో ముక్కలుగా తప్ప అంత దగ్గరగా నిదానంగా చూసిన పాపాన పోలేదు. వెండి రేకులాంటి ఒళ్లు, వీపు మీద నల్లటి ఛాయ, పొలుసుల అంచుల్లో లేత పసుపు మెరుపు. పొట్ట అడుగున వేలు పెట్టి తోక వైపు నుంచి తల వైపుకు రాయమన్నారు. రంపపు పళ్లలా గుచ్చుకున్నాయి. తరువాత కత్తితో పొట్ట చీల్చి, రెండువైపులా బొటనవేలంత లావున ఉన్న గుడ్ల సంచులను అరచేతిలో పరిచారు.

“దీనికి నెలలు నిండాయండి. ఇంత కడుపేసుకుని ఆస్ట్రేలియా నుంచి ఎలా వస్తాదండీ? వానల్లేని కాలంలో సముద్రంలో వలేస్తే ఇదే చేప పడతాది. అప్పుడు దీన్ని ఇలస అంటాం. రుచి తక్కువ, రేటూ తక్కువ. ఎర్రనీరు దిగి సముద్రంలో కలవగానే వాసన పట్టి పైకి తిరుగుతాది. గుడ్లు పెట్టి మళ్లీ దిగిపోతాది. ఆ పిల్లలు కొన్నాళ్లు ఈ ఏట్లోనే తిరుగుతాయండి. మేం చూస్తాం కదండీ, ఆయ్!” అన్నారు.

ఆయన చెప్పిన దాంట్లో నాకు అర్థం కాని శాస్త్రమేమీ లేదు. ఒక చేప ఏడాది పొడుగునా మన తీరంలోనే దొరుకుతున్నప్పుడు, అది వానాకాలంలో మాత్రమే మరో ఖండం నుంచి వస్తుందని నమ్మడానికి చదువుకున్న తెలివితక్కువతనం కావాలి. అది నాకు పుష్కలంగా ఉండేది.

తరువాత నేను చదివి తెలుసుకున్నది కూడా తాతగారి మాటలనే బలపరిచింది. శాస్త్రజ్ఞులు టెన్యులోసా ఇలిషా అని పిలిచే ఈ చేప పర్షియన్ గల్ఫ్ మొదలుకొని బంగాళాఖాతం వరకు తీర జలాలలో జీవిస్తుంది, గుడ్లు పెట్టడానికి నదులలోకి ఎదురీదుతుంది. గోదావరి ఒక్కదానికే దక్కిన వరం కాదు ఇది. ఇరాక్‌లో షట్ అల్ అరబ్ నదిలోకి, సింధు నదిలోకి, గంగలోకి, బర్మాలోని ఐరావతిలోకి కూడా ఎక్కుతుంది. సింధు ప్రాంతం వారు పల్లా అంటారు, బెంగాలీలు ఇలిష్ అంటారు. బంగ్లాదేశ్‌కు అది జాతీయ చేప, ప్రపంచంలో పట్టే ఈ చేపలలో సగానికి పైగా ఆ దేశంలోనే పడతాయి. ఆస్ట్రేలియా తీరంలో మాత్రం ఈ చేప లేదు. లేని చోటు నుంచి ఎలా బయలుదేరుతుందో నా అట్టల పుస్తకమే చెప్పాలి.

అబద్ధం కంటే నిజమే నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది. 1975లో గంగ మీద ఫరక్కా బ్యారేజీ పని మొదలుపెట్టకముందు, ఇదే చేప సముద్రం నుంచి గంగలో అలహాబాదు దాకా, అక్కడి నుంచి యమునలో ఆగ్రా దాకా కూడా ఎగబాకేదట. నాచు, కంటికి ఆనని జీవులు తప్ప పెద్దగా ఏమీ తినని, అరచేయి వెడల్పు చేప వరద ప్రవాహానికి ఎదురు నిలిచి వెయ్యి కిలోమీటర్లు ఈదడం కంటే వింత ఏముంటుంది? మన వైపు దానికి అంత దారి లేదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, ఆ తరువాత దాని స్థానంలో వచ్చిన బ్యారేజీ దానికి అడ్డుగోడలు. డెల్టాకు అన్నం పెట్టిన ఆ కట్టడాన్ని నేను తప్పుపట్టడం లేదు. కాటన్ దొర విగ్రహానికి దండం పెట్టే ఊళ్లలోనే పుట్టినవాణ్ణి. అయినా ఆ అడ్డుగోడ ఎదుట ఆగిపోయే చేప గురించి క్యాలెండర్ల వెనుక ఎవరూ రాయరు. ఆస్ట్రేలియా అని రాస్తారు.

ఎందుకు రాస్తారన్న దాని మీద నాకొక గట్టి అభిప్రాయం ఉన్నది. ఖరీదైన వస్తువు మన ఏట్లో పుట్టిందంటే మనకే నమ్మకం చాలదు. కిలో వేల రూపాయలు పలికే చేపకు విదేశీ పుట్టుక అంటగడితే, కొన్నవాడికీ అమ్మినవాడికీ తృప్తిగా ఉంటుంది. కొల్లేరు మీద వాలే గూడబాతుల విషయంలోనూ ఇదే తంతు. ముక్కు మీద చుక్కలుండే ఆ పక్షి దక్షిణ భారతంలోనే గూళ్లు కట్టి పిల్లలను పెంచే మన పక్షి. దానిని కూడా సైబీరియా అనో ఆస్ట్రేలియా అనో పరిచయం చేస్తే తప్ప చూడటానికి వచ్చినవాళ్లకు ముచ్చట తీరదు. పైగా పులస కథలో ఆస్ట్రేలియాతోపాటు న్యూజిలాండ్, టాంజానియా పేర్లు కూడా కలుపుతారు. ఆస్ట్రేలియా మనకు ఆగ్నేయాన, టాంజానియా నైరుతిన, రెండూ ఐదు వేల కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్నాయి. ఒకే చేప ఒకే నెలలో ఆ రెండు దిక్కుల నుంచీ బయలుదేరి అంతర్వేది దగ్గర కలుసుకోవాలంటే వాటి మధ్య ముందుగా ఉత్తర ప్రత్యుత్తరాలు జరగాలి.

ఈ పుకారు వల్ల ఎవరికి నష్టమని మా బావమరిది అడుగుతాడు. హైదరాబాదులో ఉంటాడు, ప్రతి శ్రావణంలో పులస కోసం ఫోను చేస్తాడు, ఆస్ట్రేలియా మాటను ఇప్పటికీ వదలడు, పేపర్లో పడిందంటాడు. నష్టం అతనికే. పులస సంగతి తెలియనివాడికి ఒడిశా నుంచి ఐసు పెట్టెల్లో వచ్చిన సముద్రపు ఇలసను పులసగా అంటగట్టడం తేలిక. రెండూ ఒకే జాతి చేపలని, తేడా అంతా ఏట్లోకి ఎక్కిందా లేదా అన్నదేనని తెలిసినవాడు కనీసం ఎక్కడ పట్టారని అడుగుతాడు. అతను అడగడు. కిందటి ఏడు అలాగే ఒకటి కొని, మట్టి దాకలో ఆవకాయ నూనె, బెండకాయలు వేసి, రాత్రంతా నిలవ ఉంచి మర్నాడు తిని, “అప్పటి రుచి లేదు, గోదావరి పాడైపోయింది” అని నాకే చెప్పాడు. ఆ చేప గోదావరిని చూసిందో లేదో మాత్రం అతనికి తెలియదు.

ఆ ఆదివారం ఇంటికి వచ్చి అట్టల పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి తిరగేశాను. అనుమానించినవాటిలో కొన్ని నిజాలుగా నిలిచాయి. మన జిల్లాల మధ్యలో ఉన్న యానాం 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో ఉండి, నేటికీ పుదుచ్చేరిలో భాగంగా ఉన్న మాట నిజం. కాకినాడకు అడ్డంగా పడి తుపానుల దెబ్బ కాచే హోప్ ఐలాండ్ గత రెండు శతాబ్దాలలో గోదావరి ఇసుకతో ఏర్పడినదే. ‘సైక్లోన్’ అనే మాటను కలకత్తాలో ఉండిన హెన్రీ పిడింగ్టన్ పుట్టించిన మాట కూడా నిజమే.

కోరంగి ప్రశ్న దగ్గర మాత్రం పెన్ను ఆగింది. 1839 తుపానులో అక్కడ 20 వేల ఓడలు మునిగి 3 లక్షల మంది మరణించారని నా ఎర్ర సిరా చెబుతున్నది. కోరంగి ఓడల నిర్మాణానికీ మరమ్మతులకూ పేరుపొందిన రేవే, తుపాను వచ్చిన మాటా నిజమే. కానీ 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో మూడు దేశాల పెద్ద యుద్ధనౌకలన్నీ కలిపితే 60. 20 వేల ఓడలు ఒక మడ అడవి పక్కన లంగరు వేయాలంటే నీళ్లు కనిపించవు, ఓడల మీదుగా నడిచి యానాం చేరవచ్చు. అదే కోరంగిలో 1789 డిసెంబరులో మూడు పెద్ద అలలు వచ్చి దాదాపు 20 వేల మంది మరణించారని పిడింగ్టన్ రాశాడు. ఆ 20 వేల మనుషులే ఎవరి కలం జారో యాభై ఏళ్లు ముందుకు దూకి 20 వేల ఓడలయ్యారని నా గట్టి నమ్మకం. 1996 నవంబరు తుపాను రాత్రి కొబ్బరిచెట్లు విరిగే చప్పుడు వింటూ గడిపినవాణ్ణి కనుక తుపానును తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. చనిపోయినవారి సంఖ్యకు సున్నాలు చేర్చడం కూడా వారిని తక్కువ చేయడమేనని మాత్రం అనిపిస్తుంది.

పులస పేజీలో ఆస్ట్రేలియాను కొట్టివేసి బంగాళాఖాతం అని రాసుకున్నాను. మర్నాడు ప్రార్థన సమయంలో ఆ అమ్మాయి జవాబే సరైనదని చెప్పాలనుకుని, ప్రధానోపాధ్యాయులు పక్కనే ఉండటం వల్ల నోరు పెగలక ఊరుకున్నాను. మరుసటి సంవత్సరం ఆగస్టు 15న ఆ బాకీ తీర్చుకుందామని, కావాలనే అదే ప్రశ్నను మళ్లీ అడిగాను. ఎనిమిదో తరగతి కుర్రవాడు ఒకడు నా మాట పూర్తి కాకుండానే లేచి “ఆస్ట్రేలియా!” అన్నాడు. తప్పు అన్నాను. వాడు కూర్చోలేదు. చొక్కా జేబులో నుంచి నాలుగు మడతల కాగితం తీసి విప్పి, “కిందటేడు మీరే చెప్పారు కదండీ, రాసుకున్నాను” అన్నాడు. ప్రశ్న నల్ల సిరాతో ఉన్నది, జవాబు ఎర్ర సిరాతో ఉన్నది. పదో తరగతి వరుసలో ఆ అమ్మాయి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని తల వంచుకున్నది. ఆమె భుజాలు కదలడం నాకు వేదిక మీదికి కనిపిస్తూనే ఉన్నది.