ఫ్రీమేసన్స్‌లో చేరాలంటే ముందు ఏం తెలుసుకోవాలి? 33 డిగ్రీలూ ఎక్కాలా?

ఛత్రపురం నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. వయసు 27, ప్రైవేటు ఉద్యోగం, ఫ్రీమేసన్ కావాలని కోరిక. ఫ్రీమేసన్స్ అంటే రాతి పనివాళ్ల పనిముట్లను గుర్తులుగా పెట్టుకుని మంచి నడవడి నేర్పే ఒక సోదర సంఘం; అందులో ఎక్కే మెట్లే డిగ్రీలు. వాట్సాప్‌లో పరిచయమైన ఒకతను 15,000 రూపాయలు కడితే మెంబర్‌ని చేస్తానని, ఇంకా కట్టినకొద్దీ 33వ డిగ్రీ దాకా తీసుకెళ్తానని అంటున్నాడట. ఇంట్లో అమ్మగారికి భయంగా ఉందట. చేరవచ్చా, ఈ డిగ్రీలు ఏమిటి అని అడిగారు.

ముందు ఆ డబ్బు సంగతి. పంపకండి. ఇప్పటికే పంపి ఉంటే ఈ జవాబు మిగతాది తర్వాత చదవండి, ముందు 1930కి ఫోన్ చేసి సైబర్ ఫిర్యాదు ఇవ్వండి. లాడ్జిలో, అంటే మేసన్లు కూడే స్థానిక శాఖలో, ఫీజు ఉంటుంది, నిజమే. కానీ మిమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడి, మీ పేరు మీద ఓటింగు జరిగిన తర్వాతే ఆ మాట వస్తుంది. మీ ముఖం చూడకుండా డబ్బు అడిగేవాడు మేసన్ కాడు. డబ్బు వస్తుంది, పదవి వస్తుంది అని ఆశ పెట్టేవాడూ కాడు.

ఇక నా అనుభవం. మాది ఒడిశాలోని బరంపురం. బ్యాంకు ఉద్యోగంలో కలకత్తా బదిలీ అయినప్పుడు అక్కడ పార్క్ స్ట్రీట్‌లో ఉన్న ఫ్రీమేసన్స్ హాల్లో నన్ను చేర్చుకున్నారు. నన్ను ఎవరూ పిలవలేదు. మా ఆఫీసులో ఒక పెద్దాయన వేలికి మూలమట్టం, వృత్తలేఖిని గుర్తు ఉన్న ఉంగరం చూసి నేనే అడిగాను. ఆయన ఆ రోజు ఏమీ చెప్పలేదు, ఆదివారం ఇంటికి టీకి రమ్మన్నారు. అలా మూడు నాలుగు ఆదివారాలు గడిచాక ఎందుకు చేరాలనుకుంటున్నావని అడిగారు. అక్కడి పద్ధతి అదే. అడగవలసింది మీరే. మిమ్మల్ని ఎరిగిన ఇద్దరు సభ్యులు, ఒకరు ప్రతిపాదించి ఇంకొకరు బలపరచి, మీ పేరు లాడ్జి ముందు పెడతారు.

ఆ తర్వాత ఇద్దరు మా ఇంటికి వచ్చారు. దేవుణ్ణి నమ్ముతావా అని అడిగారు. ఏ దేవుణ్ణి అని అడగలేదు, అడగరు కూడా. కానీ నాస్తికుడికి అందులో చోటు లేదు, ఈ విషయం ముందే తెలుసుకోండి. పోలీసు కేసులున్నాయా, అప్పులున్నాయా అని అడిగారు. తర్వాత ఉప్మా ప్లేట్లు పట్టుకొచ్చిన మా ఆవిడ వైపు తిరిగి, "అమ్మా, నెలకో సాయంత్రం ఈయన ఇంట్లో ఉండకపోతే మీకు ఇబ్బందా? ఇంటి ఖర్చుకు లోటు వస్తుందా?" అని అడిగారు. ఆ ప్రశ్నతోనే నాకు వాళ్ల మీద గురి కుదిరింది. తర్వాత లాడ్జిలో తెల్ల గోళీలు, నల్ల గోళీలతో రహస్య ఓటింగు, తెల్లదంటే సరే, నల్లదంటే వద్దు. నల్ల గోళీ పడితే చేరడం కష్టం.

మొదటి రాత్రి గురించి ఒక్క విషయం మాత్రం చెబుతాను. లోపలికి వెళ్లేముందు ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదు. వాచీ, పర్సులో చిల్లర, వెండి మొలతాడు, అన్నీ తీసి ఇచ్చేశాను. మా నాన్న పోయేముందు నా వేలికి తొడిగిన పగడపు ఉంగరం మాత్రం ఊడి రాలేదు. పదకొండేళ్లుగా తీయలేదు మరి. బయట కాపలా ఉన్న పెద్దాయన నన్ను వాష్‌బేసిన్ దగ్గరికి తీసుకెళ్లి, సబ్బు రాసి, తన పిల్లవాడి వేలికి తీసినట్టు మెల్లగా తిప్పుతూ తీశాడు. ఉంగరం ఉన్నచోట చర్మం తెల్లగా మిగిలింది. చేతిలో రూపాయి లేకుండా, నా వాళ్లు ఒక్కరూ లేకుండా ఆ తలుపు ముందు నిలబడినప్పుడు గుండె దడ నాకే వినిపించింది. లోహం ఎందుకు తీయించారో అరగంట తర్వాత లోపల అర్థమైంది. అది మాత్రం చెప్పను. మీరు అక్కడ నిలబడి తెలుసుకుంటేనే దానికి విలువ.

అసలు డిగ్రీలు మూడే. ఎంటర్డ్ అప్రెంటిస్, ఫెలో క్రాఫ్ట్, మాస్టర్ మేసన్. రాతి పనివాళ్ల సంఘాల నుంచి వచ్చిన పేర్లు ఇవి: పని నేర్చుకునే కుర్రాడు, పని వచ్చినవాడు, మేస్త్రి. 1717 జూన్ 24న లండన్‌లో మొదటి గ్రాండ్ లాడ్జి, అంటే లాడ్జిలన్నిటికీ పైన ఉండే సంస్థ, ఏర్పడింది. 1730 నాటికే కలకత్తా ఫోర్ట్ విలియంలో లాడ్జి నడిచింది. మొదటి డిగ్రీలో చేతికి వచ్చే పనిముట్లు 24 అంగుళాల కొలబద్ద, సుత్తి, ఉలి. ఆ 24 అంగుళాలు రోజులోని 24 గంటలు. అందులో దైవానికెంత, పనికీ విశ్రాంతికీ ఎంత, ఆపదలో ఉన్నవాడికెంత అని పంచుకోమంటారు. రెండో డిగ్రీలో మూలమట్టం, మట్టం, తూకం గుండు.

ఈ తూకం గుండు నాకు లాడ్జిలో సరిగ్గా అర్థం కాలేదు. బరంపురంలో మా ఇంటి మీద గది వేయిస్తున్నప్పుడు తాపీ మేస్త్రి గోడ పక్కన దారం వదిలాడు. గుండు ఊగుతోంది. నేను చేత్తో ఆపబోయాను. "ముట్టుకోకండి బాబూ, అదే ఆగాలి" అన్నాడు. ఇద్దరం ఎండలో నిలబడి చూశాం. గుండు దానంతట అది నిలిచాక గోడ అర అంగుళం వాలిందని తెలిసింది. మేస్త్రి మారు మాట్లాడకుండా పైరెండు వరసలూ విప్పేశాడు. రెండో డిగ్రీలో నేను బట్టీపట్టి ఒప్పజెప్పిన మాటలన్నీ ఆ క్షణంలో గుర్తొచ్చాయి.

మూడోది సొలొమోను ఆలయాన్ని కట్టిన శిల్పి హైరమ్ అబిఫ్ కథ. మరణం గురించి. దీనికి వెళ్లేముందు నేను ఒక తప్పు చేశాను. ఆత్రం పట్టలేక నెట్‌లో ఆ తంతు మొత్తం చదివేశాను. ఆ రాత్రి హాల్లో నా పక్కన నిలబడిన సోదరుడి (లాడ్జిలో తోటి సభ్యుణ్ణి అలాగే అంటాం) కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేను మాత్రం తర్వాత ఏం వస్తుందో లెక్కపెట్టుకుంటూ ఉన్నాను. ఆ రాత్రి ఇక మళ్లీ రాదు. యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయి, చూడకండి, మీకు దణ్ణం పెడతాను.

మరి 33 సంగతి? అది స్కాటిష్ రైట్ అనే వేరే వ్యవస్థలోని లెక్క. దాని మొదటి సుప్రీం కౌన్సిల్, అంటే పాలక మండలి, 1801లో అమెరికాలోని చార్ల్స్‌టన్‌లో ఏర్పడింది. రాయల్ ఆర్చ్, మార్క్ లాంటివి మరికొన్ని ఉన్నాయి. మాస్టర్ మేసన్ అయ్యాక ఇష్టముంటే అటు వెళ్లవచ్చు, వెళ్లకపోయినా మీకు తక్కువేమీ కాదు. 33వ డిగ్రీ ఉన్నాయన మీ లాడ్జికి అధికారి కాడు. డబ్బుతో ఎక్కే మెట్లు అసలే కావు.

త్వరగా అయిపోవాలని కూడా అనుకోకండి. కలకత్తాలో యాంకర్ అండ్ హోప్ లాడ్జిలో 1884 ఫిబ్రవరి 19న నరేంద్రనాథ్ దత్తా అనే 21 ఏళ్ల కుర్రాడు చేరాడు. తర్వాత వివేకానందుడైన వాడే. రెండో డిగ్రీ ఏప్రిల్ 15న, మూడోది మే 20న. ఆ ఫిబ్రవరిలోనే ఆయన తండ్రి పోయారు, ఇంట్లో తిండికి కూడా ఇబ్బంది పడ్డ రోజులవి. అలాంటి మనిషికే మూడు నెలలు పట్టింది. నాకు ఏడాది పైనే పట్టింది, ఎందుకంటే ప్రతి డిగ్రీకి ముందు, వెనకటి డిగ్రీ ప్రశ్నలకు లాడ్జిలో అందరి ముందు జవాబు చెప్పాలి. స్నానం చేస్తూ, బస్సులో కూర్చుని బట్టీపట్టాను.

ఇప్పుడు మీ అమ్మగారి విషయం. నేను మా అమ్మకు ముందు చెప్పలేదు. ఠాకురాణి జాతరకు ఇంటికి వచ్చినప్పుడు నా సంచీ దేవుడి గూటి కింద పెట్టాను. అందులో లాడ్జిలో నడుముకు కట్టుకునే తెల్ల ఏప్రన్ ఉంది, మెత్తటి గొర్రెపిల్ల తోలు. అమ్మ చేతికి అదే తగిలింది. మా ఇంట్లో నీచు ముట్టరు. తోలు దేవుడి దగ్గరకెలా వచ్చిందని అమ్మ వణికిపోయింది. "ఇదేంట్రా, ఏ పూజకి కట్టుకునేది ఇది? మతం మారావా?" అంది. కూర్చోబెట్టి చెప్పాను: అక్కడ హిందువుకు గీత, ముస్లింకు ఖురాన్, క్రైస్తవుడికి బైబిలు, నేను గీత మీద చెయ్యిపెట్టి ప్రమాణం చేశాను, లోపల మతం గురించీ రాజకీయం గురించీ చర్చే ఉండదు. దాచేదల్లా ఒకరినొకరు గుర్తుపట్టే సంజ్ఞలు, మాటలు. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఆ సంజ్ఞలు నాకెందుకు, చేరుతున్నానని చెప్పొచ్చు కదా" అంది. అమ్మ పోయి ఆరేళ్లు. ఆ మాట ఇంకా గుచ్చుతుంది. మీరు మాత్రం ముందే చెప్పండి.

ఖర్చు విషయం దాచను. ప్రవేశ రుసుము, ఏటా చందా, మీటింగు తర్వాత భోజనం, సూటు, ప్రతి మీటింగులో ధర్మకార్యాలకు వేసే డబ్బు. మనకు వీటన్నిటికన్నా ప్రయాణమే ఎక్కువ. బరంపురం నుంచి హౌరా దాదాపు 600 కిలోమీటర్లు. నేను తిరిగి వచ్చేశాక ప్రతి నెలా వెళ్లలేక ఏడాదికి నాలుగైదు సార్లతో సరిపెట్టుకుంటున్నాను. ఇంట్లో చిన్నపిల్లలు, ఈఎంఐలు ఉంటే రెండేళ్లు ఆగండి, తలుపు ఎక్కడికీ పోదు.

దరఖాస్తు చేసేముందు లాడ్జి అసలైనదో కాదో చూసుకోండి. గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా 1961 నవంబరు 24న ఏర్పడింది. దాని కింద ఢిల్లీ, కలకత్తా, ముంబయి, చెన్నై కేంద్రాలుగా నాలుగు ప్రాంతీయ గ్రాండ్ లాడ్జీలు ఉన్నాయి. గంజాం 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది, మనవాళ్లకు బంధువులు ఇటు ఒడిశాలోనూ అటు ఆంధ్రాలోనూ ఉంటారు. కాబట్టి మీకు ఏ ఊరి లాడ్జి దగ్గర పడుతుందో వాళ్లనే అడగండి. గ్రాండ్ లాడ్జ్ వెబ్‌సైటులో ఉన్న చిరునామాకే రాయండి, ఫార్వర్డ్‌లో వచ్చిన నంబరుకు వద్దు. మహిళలకు ఇందులో ప్రవేశం లేదు. అనిబిసెంట్ నడిపిన, ఆడవాళ్లనూ చేర్చుకునే కో-మేసనరీ వేరే సంస్థ, దాన్ని వీళ్లు గుర్తించరు.

ఉత్తరంలో ఎక్కువ రాయనక్కర్లేదు. పేరు, ఊరు, వృత్తి, ఎందుకు చేరాలనుకుంటున్నారో నిజంగా ఉన్న కారణం. జవాబు ఆలస్యమైతే టెన్షన్ పడకండి. నేను ఆఫీసు పెద్దాయన ఉంగరం గురించి అడిగిన రోజు నుంచి లాడ్జి తలుపు దగ్గర నిలబడిన రాత్రికి ఎనిమిది నెలలు పట్టింది.