ఎయిర్‌బ్రష్ లేకుండా టి-55 ట్యాంకుకి దుమ్ము, మరకలు సహజంగా రావాలంటే?

మీరు విజయనగరంలో ఉంటూ 1/35 స్కేలులో, అంటే అసలుదానిలో 35వ వంతు సైజులో, సోవియట్ టి-55 ట్యాంకు మోడల్ కట్టారు, ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం) లేదు, వాష్ (సందుల్లో నీడలా నిలిచే పలచని రంగు) వేయగానే ఒళ్లంతా మచ్చలు పడ్డాయన్నారు. దానికి కారణం మ్యాట్ (మెరుపులేని) పెయింట్. టర్పెంటైన్‌ని ఎక్కడికక్కడ పీల్చేస్తుంది. ముందు గ్లాసీ (మెరిసే) వార్నిష్ ఒక పూత వేసి బాగా ఆరనివ్వండి. తర్వాత ఆయిల్ పెయింట్ ట్యూబులోని బర్న్ట్ అంబర్‌ (ముదురు గోధుమ రంగు)ని ఆర్టిస్టులు వాడే టర్పెంటైన్‌లో టీ డికాషనంత పలచగా కలపండి. ఒళ్లంతా పూయొద్దు. సన్న బ్రష్ కొనను బోల్టు మొదట్లో ఆనిస్తే చాలు, రంగు తనంతట తానే సందులోకి పాకుతుంది. ఎక్కువైన చోట కాసేపాగి, టర్పెంటైన్ తడి మాత్రమే ఉన్న బ్రష్‌తో పైనుంచి కిందికి లాగండి. స్ప్రే డబ్బా వార్నిష్ అయితే వానాకాలంలో జాగ్రత్త. మన తీరం తేమకి తెల్లగా పాలిపోతుంది. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం చూసుకుని కొట్టండి.

ఇక వెదరింగ్, అంటే ఎండకీ వానకీ వాడకానికీ పాతబడినట్టు కనిపించేలా చేయడం. నాది టెక్కలి. గ్రానైట్ మోసే లారీ ఎక్కడైనా ఆగి ఉంటే దగ్గరికెళ్లి చూడటం నాకు అలవాటు. క్యాబిన్ మెట్టు మధ్యలో రంగు పోయి ఇనుము మెరుస్తుంటుంది, మెట్టు చివర్లలో రంగు అలాగే ఉంటుంది. డీజిల్ ట్యాంకు మూత కింద నల్లటి జిడ్డు చార, దానికి అంటుకున్న రాతిపొడి. మడ్‌గార్డు లోపల పాత బురద ఎండి పాలిపోయి, దాని మీద కొత్త బురద ముదురుగా కనిపిస్తుంది. మీకు దగ్గర్లో గరివిడి వైపు మాంగనీసు లారీలు చూడండి, పొడి నల్లగా ఉన్నా పట్టే చోట్లు ఇవే.

ఎక్కడ కాలు పడుతుంది, ఎక్కడ నూనె కారుతుంది అన్నది టి-55 మీదా అలాగే చూసుకోండి. పొగ బయటికొచ్చేది ఎడమ ఫెండర్ (ట్రాక్ పైన ఉండే రేకు) దగ్గర, మసి అక్కడే ఉండాలి. బయటి ఇంధన ట్యాంకులు కుడి ఫెండర్ మీద, కాబట్టి డీజిల్ చారలు అటువైపు. రంగు లేచిపోయేది సిబ్బంది ఎక్కే దారిలో, హాచ్ (లోపలికి దిగే మూత) అంచుల్లో. స్పాంజి ముక్కతో అద్దితే బాగా వస్తుంది, కానీ మీరు పెట్టే ఒక మిల్లీమీటరు చుక్క అసలు ట్యాంకు మీద మూడున్నర సెంటీమీటర్ల మచ్చ. ట్రాక్ (చక్రాల చుట్టూ తిరిగే ఉక్కు పట్టా) నేలకు రాసుకునే చోట మెత్తటి పెన్సిల్ రుద్దండి, ఉక్కు మెరుపు వచ్చేస్తుంది.

దుమ్ముకి మన ఎర్రమట్టి మాత్రం వద్దు. ఎంత జల్లించినా ఈ స్కేలుకి రేణువు పెద్దదే. పైగా 1971 యుద్ధంలో మన టి-55లు పశ్చిమ సరిహద్దులోనూ, తూర్పున బెంగాల్ వైపూ పోరాడాయి. మీ ట్యాంకు ఎటుదో తేల్చుకుని, పశ్చిమమైతే లేత మట్టిరంగు, బెంగాల్ అయితే బూడిదరంగు బురద వేయండి. సాఫ్ట్ పేస్టల్‌ (బొమ్మలు వేసే రంగు సుద్ద)ని గరుకు కాగితం మీద అరగదీస్తే కావలసినంత మెత్తటి పొడి వస్తుంది. మ్యాట్ వార్నిష్ కొట్టాకే ఆ పొడి అద్దాలి. పొడి మీద వార్నిష్ కొడితే సగం కనబడకుండా పోతుంది.

ట్యాంకు పక్కన సైనికుడి బొమ్మ పెడితే అది అయిదు సెంటీమీటర్లే కాబట్టి అందరి కళ్లూ ముఖం మీదే పడతాయి. సీసాలో వచ్చే ‘ఫ్లెష్’ రంగు మనవాళ్లకి మరీ తెలుపు. బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు)లో కాస్త ఎల్లో ఆకర్ (మట్టి పసుపు రంగు) కలిపి మొదలుపెట్టండి. ట్యాంకుకి వాడిన పొడినే బూట్లకీ, ప్యాంటు అంచులకీ పట్టించండి.