పరుపు సంగతి సరే, రోజూ ఆ గోలీ ఏంటి?

ప్రశ్న: నా వయసు 44. మాది నల్గొండ జిల్లా మర్రిగూడ మండలం. బత్తాయి తోట ఉంది. ఏడాదిగా పొద్దున లేవగానే నడుము, మెడ, భుజాలు పట్టేసినట్టు ఉంటున్నాయి. గంటసేపు అటూ ఇటూ తిరిగితే గానీ ఒళ్లు వదలదు. పాత దూది పరుపు వల్లేనని ఇంట్లో అంటున్నారు. షాపులో పాతిక వేల మెమరీ ఫోమ్ పరుపు చూపించారు. గట్టి పరుపే మంచిదని ఒకరు, నేల మీద చాప వేసుకోమని ఇంకొకరు చెబుతున్నారు. ఏది కొనాలి? ఎటు తిరిగి పడుకోవాలి? బీపీకి మందు వాడుతున్నాను. నొప్పికి మెడికల్ షాపులో ఇచ్చిన గోలీ పొద్దున ఒకటి వేసుకుంటే సాయంత్రం దాకా ఇబ్బంది లేదు. నా భార్యకూ ఇవే నొప్పులు, ఆమె కూడా అదే గోలీ వేసుకుంటోంది.

సలహా: పరుపు గురించి అంత వివరంగా రాశారు. నాకు టెన్షన్ పెట్టిన మాటను మాత్రం చివర్లో అలవోకగా అనేశారు. బీపీ మందు వాడుతూ రోజూ నొప్పి గోలీ! పేరు కూడా రాయలేదు.

మెడికల్ షాపుల్లో ఇలాంటి నొప్పులకు ఎక్కువగా ఇచ్చేవి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ రకం మందులు. అవసరాన్ని బట్టి నాలుగైదు రోజులు వాడితే మంచి మందులే. నెలల తరబడి మింగితే కిడ్నీలకు వెళ్లే రక్తం తగ్గుతుంది, బీపీ పెరుగుతుంది, బీపీకి వేసుకునే మందు సరిగా పనిచేయదు. మీ బీపీ గోలీలో టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి ఉండి, దాంతో పాటు మూత్రం ఎక్కువ పోయే మందు కూడా కలిసి ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఎండల్లో తోటలో చెమటలు కక్కుతూ, నీళ్లు సరిగా తాగని రోజున ఈ మూడు మందులూ కలిస్తే కిడ్నీలు ఉన్నట్టుండి దెబ్బతినొచ్చు.

"గ్యాస్ గోలీ కూడా వేసుకుంటున్నా సార్, ఏం కాదు" అని నా దగ్గరికొచ్చే వాళ్లలో చాలామంది అంటారు. పరగడుపున వేసుకునే ఆ గోలీ కడుపులో పుండు పడకుండా కొంతవరకు ఆపుతుంది. కిడ్నీని మాత్రం అది కాపాడదు. కిడ్నీ పాడవుతుంటే మొదట్లో నొప్పి ఉండదు, మూత్రం మామూలుగానే వస్తుంది. కాళ్లవాపు వచ్చాక పరుగెత్తుకొచ్చే వాళ్లను చూసి చూసి చెబుతున్నాను, కోప్పడుతున్నానని అనుకోకండి. ఈ వారంలోనే కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష, మూత్ర పరీక్ష చేయించుకోండి, బీపీ చూపించుకోండి. అప్పటిదాకా ఆ నొప్పి గోలీ వద్దు. మరీ తట్టుకోలేకపోతే, లివర్ జబ్బు, మద్యం అలవాటు లేకపోతే పారాసిటమాల్ ఎంత మోతాదులో వేసుకోవచ్చో దగ్గర్లోని డాక్టర్‌ను అడగండి. బీపీ మందు మాత్రం ఆపొద్దు.

ఒక్క మినహాయింపు. మీకిచ్చేది పట్టీలో కాకుండా కాగితంలో చుట్టి ఇచ్చే విడి గోలీలైతే వాటిలో స్టెరాయిడ్ ఉండొచ్చు. వాడటం మొదలుపెట్టాక ఆకలి పెరిగి, ముఖం ఉబ్బినట్టుంటే ఆ అనుమానం గట్టిపడుతుంది. నెలలుగా వాడుతున్న స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా మానేయడం కూడా ప్రమాదమే. అలాంటప్పుడు మీ అంతట మీరు ఆపకుండా వెంటనే డాక్టర్‌కు చూపించి తగ్గించుకోవాలి.

ఇక నొప్పి. పరుపు వల్ల వచ్చే పట్టేసినతనం సాధారణంగా లేచి కాసేపు తిరిగితే పోతుంది. మీకు గంట పడుతోంది. రాత్రి రెండు మూడింటికి నొప్పితో మెలకువ వస్తోందా? పడుకుంటే ఎక్కువై, పనిలో పడితే తగ్గుతోందా? అవుననుకుంటే వెన్నెముక కీళ్లవాపు, అంటే స్పాండిలైటిస్ రకం జబ్బు గురించి ఆలోచించాలి. మామూలుగా ఇది 45 ఏళ్లలోపు మొదలవుతుంది, నొప్పి గోలీకి బాగా లొంగుతుంది. అందుకే గోలీతో హాయిగా ఉంటోందన్న మాట నాకు నిశ్చింతగా అనిపించలేదు. చేతివేళ్ల కీళ్లు వాచి పొద్దున పిడికిలి బిగించలేకపోతుంటే అది రుమటాయిడ్ అనే కీళ్లవాతం కావచ్చు. ఉత్తరం చూసి ఏదీ తేల్చి చెప్పలేను.

పైగా మీది మర్రిగూడ. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు. చిన్నప్పుడు ఏళ్ల తరబడి తాగిన నీటి ఫ్లోరైడ్ ఎముకల్లో, వాటిని కలిపి పట్టి ఉంచే స్నాయువుల్లో పేరుకుపోయి, తర్వాతెప్పుడో నడుము, మెడ బిగుసుకుపోవచ్చు. గడ్డం ఛాతీకి ఆనించండి, రెండు చేతులూ తల వెనక్కి పెట్టండి, మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు అందుకోండి. ఇవి చేయలేకపోతుంటే డాక్టర్‌కు ఆ మాట చెప్పండి. వెన్నెముకతో పాటు ముంజేతి ఎక్స్‌రే కూడా తీయించమనండి. ఈ ఫ్లోరైడ్ జబ్బు, అంటే ఫ్లోరోసిస్ ఉంటే అక్కడి రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి గీతలా కనిపిస్తుంది. ఇంట్లో మిషన్ భగీరథ నల్లా నీళ్లు తాగుతూ తోటలో బోరు నీళ్లు తాగేవాళ్లు, బోరు నీళ్లతోనే వంట చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. నీళ్లు కాస్తే ఫ్లోరైడ్ పోదు, ఆవిరయ్యే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

డాక్టర్ అవసరమనుకుంటే ఒంట్లో వాపును పట్టిచ్చే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు, విటమిన్ డి, కాల్షియం, థైరాయిడ్ కూడా రాస్తారు. జ్వరం, బరువు తగ్గడం, కాళ్లలో బలం తగ్గడం ఉంటే ఆలస్యం చేయొద్దు. మూత్రం, మలం మీద పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

పరుపు విషయానికొస్తే పాతిక వేలు అక్కర్లేదు. గట్టి పరుపే నడుముకు మంచిదన్నది పాత నమ్మకం. 2003లో లాన్సెట్ పత్రికలో వచ్చిన స్పెయిన్ అధ్యయనంలో, ఎప్పుడూ నడుము నొప్పి ఉండే వాళ్లకు బాగా గట్టిదాని కంటే మధ్యస్థంగా ఉన్నదే ఎక్కువ ఉపశమనం ఇచ్చింది. వెల్లకిలా పడుకుని నడుము కింద చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి ఖాళీగా ఆడితే పరుపు మరీ గట్టిది, అసలు దూరకపోతే మరీ మెత్తది. మీ దూది పరుపు మధ్యలో గుంత పడి ఉంటే ఏకించి కుట్టించండి, తక్కువలో పోతుంది. కొనేముందు చుట్టాలింట్లో వేరే పరుపు మీద రెండు మూడు రోజులు పడుకుని చూడండి. అక్కడ తేలిగ్గా లేస్తే అప్పుడు పరుపును అనుమానించవచ్చు. చాప మీద సుఖంగా ఉంటే పడుకోండి, కానీ అది చికిత్స కాదు.

పక్కకు తిరిగి పడుకుంటే మోకాళ్ల మధ్య ఒక మెత్త, వెల్లకిలా అయితే మోకాళ్ల కింద ఒకటి. కుడివైపా ఎడమవైపా అన్నది మీ ఇష్టం. బోర్లా వద్దు, మెడ మెలి తిరుగుతుంది. తల కింద రెండు మెత్తలు పెట్టుకునే అలవాటుంటే ఒకటి తీసేయండి. లేచేటప్పుడు నేరుగా లేవకుండా పక్కకు తిరిగి, కాళ్లు కిందికి వదిలి, చెయ్యి ఆనించి లేవండి.

మీ ఇంటావిడను కూడా వెంట తీసుకెళ్లండి. నీళ్లు ఇద్దరికీ ఒకటే కాబట్టి ఫ్లోరైడ్ సంగతి ఇద్దరికీ చూడాలి. ఆమెకు రక్తహీనత, థైరాయిడ్ కూడా చూడాలి. ఆస్తమా, అల్సర్ ఉంటే ఆ గోలీ ఆమెకు అసలు పడకపోవచ్చు, ఉన్నాయో లేవో మీరు రాయలేదు. వాడిన గోలీల పట్టీలు, పాత చీటీలు పారేయకుండా పట్టుకెళ్లండి. ఆ రోజు పొద్దున ఏమీ తినకుండా వెళ్తే షుగర్ పరీక్ష కూడా అయిపోతుంది.